పదకొండు సెకన్ల చెయ్యి

చెన్నకేశవరావుకు నలభై రెండేళ్లొచ్చాక సొంత కుడిచేతి మీదే అనుమానం పుట్టింది. అదీ ఇంట్లో కాదు, నరసరావుపేటలో కార్మికుల బీమా ఆఫీసులో, ఆఫీసరు షకీలా మేడం ఎదురుగా కూర్చున్నప్పుడు.

ఆమె కంప్యూటర్‌ను అతనివైపు తిప్పింది. పదకొండు సెకన్ల వీడియో. రెంటచింతల దగ్గర ఎడ్ల పందెం. బండ లాక్కొస్తున్న రెండెడ్లు, వాటి చుట్టూ దుమ్ము, ముందు ఒక అంచున బావమరిది మొహం, ఎడ్ల పక్కనే బనీనుతో పరుగెత్తుతున్న చెన్నకేశవరావు. తలకు పైన ఎర్ర తువ్వాలు గిరగిరా తిప్పుతున్నాడు. కుడిచేత్తో.

రెండేళ్ల కిందట సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు మోసే బెల్టు లాగేసిన చెయ్యి అది. భుజం మించి లేవదని డాక్టర్లు రాసిచ్చారు. ఆ కాగితం మీదే నెలనెలా భృతి వస్తోంది.

"ఇది మీరేనా?" అంది షకీలా మేడం.

"నేనేనండీ."

"చెయ్యి?"

అతను తెరను చూశాడు. ఒళ్లో పడుకోబెట్టిన చేతిని చూశాడు. "నాదేననుకుంటానండీ," అన్నాడు.

అంత తెలివైన జవాబు ఆ ఆఫీసులో అంతకుముందెవరూ చెప్పి ఉండరు. ఆమె మాత్రం నవ్వలేదు. ఎవరో ఈ వీడియో జతచేసి ఫిర్యాదు పంపారనీ, వారంలోగా సంజాయిషీ ఇవ్వాలనీ, లేకపోతే భృతి ఆగిపోతుందనీ మర్యాదగానే చెప్పింది.

బస్సులో ఇంటికొస్తూ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. నాలుగు పళ్లొచ్చిన వయసు ఎడ్ల విభాగంలో వాళ్లవి, మల్లడూ చుక్కడూ, చివరి లాగుడుకొచ్చాయి. జనం ఈలలు వేశారు. తను అరిచాడు. ఏ చెయ్యి లేపాడో మాత్రం నిజంగానే తెలియదు. సొంత ఎడ్లు బండ లాగుతుంటే చేతులు చూసుకునే రైతు పల్నాడులో ఇంకా పుట్టలేదు. పై కడ్డీ పట్టుకుందామని కుడిచెయ్యి లేపాడు. భుజం దగ్గర ఎప్పటిలాగే ఆగిపోయింది. పక్క సీటాయన వింతగా చూశాడు.

వీడియో తీసింది బావమరిది ప్రదీప్. పందెంలో ముందుకెళ్లి, ఎడ్లను వెనక పెట్టుకుని, తన మొహం పడేట్టు తీసుకుని ఫోన్లో అందరికీ పంపాడు. ఇప్పుడు నెత్తి కొట్టుకుంటున్నాడు.

"నీ వీడియో పాడుగాను! నీ మొహం ఎవడు చూడాలని తీశావురా?" అంది అతని అక్క ప్రశాంతి. తమ్ముడి సంగతి అయ్యాక మొగుడివైపు తిరిగింది. "ఏమయ్యా, రెండేళ్లుగా నీకు చొక్కా తొడుగుతుండా. తల దువ్వుతుండా. అంతా నాటకమేనా?"

"నాకేం తెలుసే? నేనూ ఇప్పుడే చూశా."

"నీ చెయ్యి నీకు తెలియకపోతే ఊళ్లోవాళ్లకి తెలుస్తదా?"

ఆమె విసురుగా లోపలికెళ్లింది. కాసేపటికి నూనె గిన్నెతో తిరిగొచ్చి, భుజానికి మర్దనా చేస్తూ చాలా మెల్లగా అంది. "ఒకసారి లేచిందంటే మళ్లీ లేస్తదయ్యా."

అప్పుడు పట్టుకుంది చెన్నకేశవరావుకు అసలు గందరగోళం. చెయ్యి లేస్తే భృతి పోతుంది, ఊరంతా దొంగ అంటుంది. లేవకపోతే నటిస్తున్నాడని ఆఫీసువాళ్లు దొంగ అంటారు. ఈ రెండింట్లో తనకేది కావాలో అడిగితే పైకి చెప్పలేడు గానీ, చెయ్యే కావాలి. చెయ్యి వస్తే డబ్బు పోతే పోనీ. గొడ్ల చావిడి గోడకు ఆనుకుని, చెయ్యి ఎంత లేచిందో అంత ఎత్తున సుద్దముక్కతో గీత గీసుకున్నాడు. నాలుగు రోజులు పొద్దున్నే పళ్లు బిగబట్టి ప్రయత్నించాడు. గీత మీద గీతే పడింది. మూడోరోజు మాత్రం వెంట్రుకవాసి పైకి వెళ్లినట్టనిపించింది. సుద్ద లావుగా పడిందేమో కూడా.

ముసలామె కంగారుపడుతుందని తల్లి తిరుపతమ్మకు ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఈ గుసగుసలకు విసిగి, ఐదోరోజు ఆమే ప్రదీప్ చేతిలో ఫోను లాక్కుంది. చెయ్యి బారచాపి, దూరంగా పెట్టుకుని చూసింది.

"ఇదేందిరా! చుక్కణ్ణి ఎలపట కట్టారేంది?"

ఎవరికీ అర్థం కాలేదు. ఎలపటంటే కాడికి కుడివైపు. చుక్కడు దూడగా ఉన్నప్పటినుంచీ దాపటే, అంటే ఎడమవైపే. వైపు మారిస్తే అడుగు కదపడు, కాడి పడేసి నిలబడతాడు. ఆ ఎడ్లకు రోజూ మేతవేసే తిరుపతమ్మకు ఇది చెప్పాల్సిన పనిలేదు.

"పందెంలో దాపటే కట్టాం కదత్తా," అన్నాడు ప్రదీప్.

"మరి ఇందులో ఎలపటుండాడే! చూడు, నొసట చుక్క."

నిజమే. ఇన్నాళ్లూ చూసినవాళ్లంతా చేతినే చూశారు. ప్రదీప్ తన మొహాన్ని చూసుకున్నాడు. ఎడ్లను చూసిన నాథుడు లేడు.

ప్రదీప్ గబగబా ఫోను తిప్పి పట్టుకున్నాడు. "బావా, నా వెనక నిలబడి ఎడమచెయ్యి లేపు." తీసి చూపించాడు. తెర మీద చెన్నకేశవరావు కుడిచెయ్యి లేపి నిలబడ్డాడు. "సెల్ఫీ తీస్తే ఈ ఫోను అద్దంలో మాదిరి తిప్పేస్తది! బావా, బతికిపోయాం!"

ఇంట్లో పండగయింది. తిరుపతమ్మ వెళ్లి చుక్కడికి బెల్లం పెట్టింది. చెన్నకేశవరావు కూడా నవ్వాడు. నవ్వుతూనే చావిడి గోడ మీది సుద్దగీతవైపు చూశాడు. ప్రశాంతి నూనె గిన్నె తీసుకెళ్లి గూట్లో పెట్టేసింది.

మర్నాడు తల్లినీ ప్రదీప్‌నూ వెంటబెట్టుకుని ఆఫీసుకెళ్లాడు. దాపట ఎద్దు ఎలపటకు ఎందుకు రాదో తిరుపతమ్మ పావుగంట చెప్పింది. షకీలా మేడంకు ఎద్దు సంగతి ఒక్క ముక్కా ఎక్కలేదు. ప్రదీప్ దగ్గర ఫోను తీసుకుని, ఎడమచేత్తో పెన్ను పైకెత్తి తనే సెల్ఫీ తీసుకుని చూసుకున్నాక మాత్రం తల ఊపింది.

"సరే. ఫైలులో రాయాలి కాబట్టి, ఒకసారి కుడిచెయ్యి పైకి లేపండి."

చెన్నకేశవరావు లేచి నిలబడ్డాడు. చెయ్యి లేవకూడదని తల్లి కళ్లు మూసుకుంది. లేవకూడదని ప్రదీప్ పిడికిలి బిగించాడు. ఆ గదిలో అది లేవాలని కోరుకున్నది ఒక్క చెన్నకేశవరావే. ఉన్న బలమంతా పెట్టాడు. మెడనరాలు ఉబ్బాయి, చొక్కా చెమటతో వీపుకంటుకుంది. చెయ్యి భుజం దాకా వచ్చి ఆగింది. కిందికి దిగిపోయింది.

"సరిపోయిందండీ. భృతికి ఇబ్బందేం లేదు," అంది షకీలా మేడం.

"నా తండ్రే!" అంది తిరుపతమ్మ, కొడుకు వీపు నిమిరి.

మెట్ల మీదికి రాగానే ప్రశాంతి ఫోను. "ఏమైందయ్యా?"

గెలిచామని చెప్పాలనే నోరు తెరిచాడు. "లేవలేదే," అన్నాడు.

"కొంచెం కూడానా?" అంది. ఆమె కూడా ఇంకా ఆశపడుతూనే ఉందని అతనికి అప్పుడు తెలిసింది.

"పోన్లే," అంది చివరికి. "ఎండకి చొక్కా తడిసిపోయుంటది. రా, వచ్చినాక మారుస్తాలే."