ముప్పావు తేడా

శనివారం మధ్యాహ్నం నేను చేటలో బియ్యం పోసుకొని రాళ్ళు ఏరుతుంటే, మా ఆయన లూకా గోల్ఫ్ కార్డులు చదివి వినిపించేవాడు. ఎవరు, ఏ గుంటకు ఎన్ని దెబ్బలు, మొత్తం ఎంత. నేను విని, ఆ ఆటగాడి కొత్త హ్యాండిక్యాప్ ఎంతో చెప్పేదాన్ని. ఆయన రాసుకొని కింద సంతకం పెట్టేవాడు. మా అత్తగారు బాలమ్మ గడప మీద కూర్చొని వినేది. "కోడలు దొరల ఆటకు లెక్కలు చెప్తది గని, కూరల ఉప్పెంతనో తెల్వది" అనేది.

తిరుమలగిరి దాటాక ఉన్న గోల్ఫ్ క్లబ్బులో లూకా గుమాస్తా. పోలీసు యాక్షన్ నాటికి మూతపడిన క్లబ్బును నలభై తొమ్మిదిలో తెరిచారు. దొరలు పోయి మన ఆఫీసర్లు వచ్చారు. హ్యాండిక్యాప్ చూసే దొర కూడా పోయాడు కాబట్టి ఆ పని లూకా మీద పడింది. లూకాకు లెక్కలు రావు. నేను మెట్టుగూడలో ఆడపిల్లల బడిలో అప్పటికి పదకొండేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. ఆ పని నా మీద పడింది.

ఆ మైదానాన్ని నేను ఒక్కసారే చూశాను, అదీ రోడ్డు మీది నుంచి. ఎర్రమట్టి, తుమ్మచెట్లు, అక్కడక్కడా ఒక జెండా. గుమాస్తాల ఇళ్ళవాళ్ళు గేటు దాటకూడదు. ఆట మాత్రం కార్డుల్లో తెలిసిపోయింది. బాగా ఆడేవాడికి హ్యాండిక్యాప్ అంకె చిన్నది, ఆడలేనివాడికి పెద్దది. ఇద్దరూ ఎదురెదురుగా ఆడేటప్పుడు ఒక్కో గుంట ఒక్కో పందెం, తక్కువ దెబ్బల్లో బంతిని గుంటలో వేసినవాడిదే గెలుపు. నాలుగు ఉన్నవాడు పదహారు ఉన్నవాడితో ఆడితే తేడా పన్నెండు. అన్ని దెబ్బలు రెండోవాడికి విడిచిపెడితే ఆట సమానం కావాలి. కానీ క్లబ్బు నియమం తేడాలో ముప్పావు వంతే ఇవ్వమంది. పన్నెండుకు తొమ్మిది. కార్డు మీద గుంటలకు కష్టాన్నిబట్టి ఒకటి నుంచి పద్దెనిమిది దాకా వరుస అంకెలుంటాయి, అన్నిటికన్నా కష్టమైనది ఒకటి. ఒకటి నుంచి తొమ్మిది అంకెలున్న గుంటల్లో అతనికి ఒక్కో దెబ్బ తగ్గిస్తారు.

యాభై రెండు వేసవి మొదట్లో ఒక డాక్టరు, వరసగా మూడో ఏడు ఓడిపోయి, ఈ నియమం న్యాయం కాదని కమిటీకి రాశాడు. బాగా ఆడే మేజరొకాయన, తొమ్మిది దెబ్బలు ఊరికే ఇస్తుంటే ఇంకా న్యాయమేమిటని అడిగాడట. సెక్రటరీ లూకాను పిలిచి, పాత కార్డులు చూసి సోమవారం మీటింగుకు నోటు తయారుచెయ్యమన్నాడు. లూకా మూడేళ్ళ కార్డులు సంచిలో తెచ్చి నా ముందు పెట్టాడు.

వారం రోజులు బడిలో మధ్యాహ్నం సెలవులో కూర్చొని లెక్క చూశాను. ముప్పావు ఇచ్చి ఆడినవాటిలో తేడా ఎనిమిదికి మించిన ఆటలు తొంభై ఆరు. వాటిలో బలహీనుడు గెలిచినవి ముప్పై ఒకటి. అవి కాక, క్రిస్మస్ వారంలో సరదాకి తేడా మొత్తం ఇచ్చి ఆడినవి ఇరవై రెండు. వాటిలో బలహీనుడు గెలిచినవి పది. ముప్పావు ఎందుకు పెట్టారో పాత నియమాల పుస్తకంలో ఒక వాక్యం ఉంది. బాగా ఆడేవాడి కష్టానికి కొంత ఫలం దక్కాలట. అంటే వాడు గెలవాలి, ఎదుటివాడికి మాత్రం ఆట సమానమని చెప్పాలి.

అదే వారం నా చేతిలో ఇంకో కాగితం ఉంది. టీచర్ల ట్రెయినింగు క్లాసులు సికింద్రాబాదులో సాయంత్రం అయిదున్నర నుంచి ఏడున్నర దాకా, తొమ్మిది నెలలు. వచ్చే ఏడు నుంచి ట్రెయినింగు లేనివాళ్ళకు పై తరగతులు ఇవ్వరు. అంటే ఎనిమిదో తరగతి లెక్కలు నా చేతిలోంచి పోతాయి, పలకల తరగతికి పంపుతారు. దరఖాస్తుకు సోమవారం ఆఖరు. లూకాతో చెబితే కార్డు మీంచి తల ఎత్తకుండా అన్నాడు.

"నేనేమన్న ఆపుతున్ననా కృపా? నువ్వూ నౌకరే, నేనూ నౌకరే, ఇద్దరం సమానమే. పో. ఇంట్ల పని ఆగకుంటె చాలు."

ఆ మాటలో తప్పు పట్టడానికి చోటు లేదు. ఆయన ఆపలేదు, ఎప్పుడూ చెయ్యెత్తలేదు. ఆదివారం చర్చికి పోయేటప్పుడు నా గొడుగు పట్టుకుంటాడు. నెలకోసారి మోండా మార్కెట్ నుంచి చేపలు తెచ్చి, పులుసు తానే పెడతాడు. అత్తగారు ఆ సంగతి నాలుగు వాకిళ్ళలో చెప్పి వస్తుంది. ఇంత ఇచ్చే మనిషి మీద ఫిర్యాదు ఏముంటుందని నేనూ చాలా ఏళ్ళు అనుకున్నాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక నోటు రాయడానికి కూర్చున్నాను. దెబ్బలు ఏ గుంటల దగ్గర ఇవ్వాలో రాస్తున్నాను. "ఇచ్చేవాడికి నచ్చిన గుంట దగ్గర కాదు. కార్డులో కష్టమని రాసి ఉన్న గుంట దగ్గర ఇవ్వాలి." ఆ వాక్యం రాశాక కలం ఆగింది. గొడుగు నా కార్డులో ఎన్నో గుంట? చేపల పులుసు ఎన్నోది? ఖాళీ కార్డు ఒకటి తీసుకొని పద్దెనిమిది గళ్ళలో నా రోజు రాశాను. పక్కన కష్టం వరస అంకెలు వేశాను. గొడుగుకు, పులుసుకు గడి దొరకలేదు.

లూకా వచ్చి నోటు తయారైందా అని అడిగాడు. నోటు ఇచ్చాను, కార్డు కూడా ఇచ్చాను. నోటు చదివి, కమిటీలో తన పేరు నిలబడుతుందన్నాడు. తర్వాత కార్డు చూశాడు.

"ఏందిది?"

"నా కార్డు. మొదటి నాలుగు చూడుండ్రి. సాయంత్రం నల్లా నీళ్ళు పట్టుడు, పొయ్యి రాజేసి వంట, అత్తమ్మ మోకాళ్ళకు నూనె, మీ అంగీలు ఇస్త్రీ. నాలుగూ నేను క్లాసుల ఉండే యాళ్ళకే వస్తయి. అవి మీరు చెయ్యాలె."

ఆయన నవ్వబోయి నా ముఖం చూసి ఆగాడు. కాసేపు కార్డు తిప్పి చూశాడు. ఆలోచిస్తున్నాడనే అనుకున్నాను. మంచి మనిషే.

"సరే. మూడు చేస్త. వంట మాత్రం నువ్వొచ్చినంక చేసుకో. నాలుగుల మూడంటె తక్కువనా?"

ఆయన చేతిలోని నోటు మీద, తొంభై ఆరు, ముప్పై ఒకటి అని ఉన్న వరస దగ్గర వేలు పెట్టాను. ఆయన చదివాడు. రెండోసారి చదివాడు.

"అమ్మ ఏమంటదో" అన్నాడు చివరికి.

"కార్డు చదివి వినిపించుండ్రి. శనివారం శనివారం చదివే అలవాటు ఉన్నదే గద."

దరఖాస్తు బడి సంచిలో పెట్టుకున్నాను. ఆయన చేతిలోంచి నోటు తీసుకొని, సంతకానికి వదిలిన ఖాళీలో నా పేరు రాసి, సిరా ఆరాక తిరిగి ఇచ్చాను.