గీత పక్కన బల్ల

ఆ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టులో కోచ్ సార్ అడుగుపెట్టని గది ఒకే ఒక్కటి, పిన్ని గది.

పిన్ని అక్కడ ఎవరికీ సొంత పిన్ని కాదు. పంతొమ్మిదేళ్లుగా ఆ జట్టు కాళ్లకు మర్దన చేసి కట్లు కట్టే మనిషి. ఆవిడ గదిలో ఒక మడత బల్ల ఉంటుంది. తలపెట్టే చోట దానికి గుండ్రటి కన్నం. బోర్లా పడుకుని ముఖం ఆ కన్నంలో పెడితే కింద నేల తప్ప ఏమీ కనబడదు. అదేం మహిమో గానీ, ముఖం అందులో పెట్టాక ఎవరికీ అబద్ధం నోటికి రాదు. బయట సార్‌తో బాగానే ఉన్నానన్న పిల్లే ఇక్కడ మెట్లు దిగలేకపోతున్నానని చెప్తుంది. కన్నంలోంచి విన్న మాట గది దాటకూడదు. ఆ షరతు ఎవరూ రాసిపెట్టలేదు, అయినా పిన్ని ఒక్కసారీ తప్పలేదు.

కొత్త సార్ వచ్చి పది వారాలైంది. ఉన్నమాట చెప్పుకోవాలి, ఆయన రాకముందు జట్టు పట్టికలో అట్టడుగున పడి ఉండేది. ఇప్పుడు నాలుగో స్థానం. ఆయన మంత్రం ఏడు సెకండ్లు. బంతి అవతలివాళ్ల కాలికి పోయిందా, అందరూ మీదపడి ఏడు సెకండ్లలో లాక్కోవాలి. చూస్తుంటే ఒళ్లు ఝల్లుమంటుంది. మొదటి మ్యాచ్‌లో పిన్ని కూడా బెంచీ ఎక్కి ఈల వేసింది.

మ్యాచ్‌లో ఎంత ఆడినా ఫరవాలేదు, చిక్కంతా ప్రాక్టీసుతోనే. బుధవారం, శనివారం మ్యాచ్‌లైతే, సోమవారం, గురువారం ప్రాక్టీసులోనూ అదే పని. విజిల్, పరుగు, ఆగు, తిరుగు, మళ్లీ పరుగు. పూటకు నలభై సార్లు, అలా రెండు పూటలు. ఇదివరకు సీజన్ మొత్తం మీద ముగ్గురు పడిపోతే ఎక్కువ. ఈ పది వారాల్లోనే ఆరుగురు. ఐదుగురికి తొడ వెనక కండ, ఒకమ్మాయికి మోకాలు.

పిన్ని మొగుడు సిటీ బస్సు డ్రైవరు. ఒకరోజు భోజనాల దగ్గర ఆవిడ తన గోడు వెళ్లబోసుకుంటే, ఆయన కంచంలోంచి తల ఎత్తకుండానే నవ్వాడు.

"బ్రేకులు పరుగుకి అరగవే పిచ్చిదానా, ఆగడానికి అరుగుతాయి. హైవే బండివి ఏళ్ల తరబడి వస్తాయి. నా బండి రోజుకి ఎనభై స్టాపులాగుతుంది, నెల తిరక్కుండా షెడ్డుకెళ్లాలి. మీ సారు అసలు షెడ్డుకి పంపుతాడా లేదా?"

ఆ రాత్రంతా ఆవిడకు అదే ధ్యాస. తెల్లారి వరండాలో సార్‌ని ఆపి చెప్పింది. మ్యాచ్‌లో అంత ఆపి తిప్పినప్పుడు ప్రాక్టీసు తగ్గించాలనీ, లేదంటే ప్రాక్టీసు ఇలాగే ఉంచి మ్యాచ్‌లో కాస్త నెమ్మదించాలనీ, రెండూ ఒకే కండ మీద రుద్దితే అది నిలబడదనీ. సార్ గడియారం చూసుకుంటూ విన్నాడు. బలం చాలనివాళ్లే పడిపోతారన్నాడు. కట్లు సరిగ్గా పడుతున్నాయో లేదో ముందు చూసుకోమన్నాడు.

ఆ మాట పిన్నికి ముల్లులా గుచ్చుకుంది. పౌరుషం కొద్దీ చేతులకు ఇంకా పని పెంచింది. జట్టంతా గోడ అని పిలుచుకునే డిఫెండరు పిల్ల కిందటి నెల మ్యాచ్‌కి ముందు తొడ బిగుసుకుందని వస్తే, ఇరవై నిమిషాలు నలిపి, వేడి పుట్టే మందు రాసి, కట్టు బిగించి పంపింది. గోడ లేచి రెండు గెంతులు గెంతి, నొప్పి మాయమైందని పిన్నికి దండం పెట్టింది. అరవై ఎనిమిదో నిమిషంలో వెనక్కి ఉరుకుతూ ఆగబోయి, తొడ వెనక చెయ్యి పెట్టుకుని కూలిపోయింది. కండ ఎముక దగ్గర తెగింది. ఆర్నెల్లు ఆట లేదన్నారు డాక్టర్లు.

అందరూ గోడది దురదృష్టం అన్నారు. పిన్నికి మాత్రం వేరే సంగతి తెలిసింది. ఆగమని ఒళ్లు మొత్తుకుంటుంటే ఆ పిల్లకు వినబడకుండా దాని నోరు మూసింది తన చేతులే. తను బాగా చేసినకొద్దీ సార్ ఇంకో పది విజిల్స్ పెంచుతున్నాడు.

ఈ గురువారం పొద్దున బాణం వచ్చింది. కుడివైపు ఆడే ఇరవై మూడేళ్ల పిల్ల. ఉరికితే వెనక ఎవరూ అందుకోలేరు గనక ఆ పేరు. బల్ల మీద బోర్లా పడి ముఖం కన్నంలో పెట్టింది. పిన్ని బొటనవేలు తొడ వెనక జారుతూ ఒకచోట ఆగిపోయింది. శనగగింజంత ముడి. గోడకి ఎక్కడ దొరికిందో సరిగ్గా అక్కడే.

"ఎన్నాళ్లయిందే?"

"సోమవారం నుంచి. సార్‌కి చెప్పకు పిన్నీ. శనివారం దేశం జట్టుకి ఎంపిక చేసేవాళ్లొస్తున్నారు. ఆ ఒక్క మ్యాచ్ లాగించేస్తే చాలు. గట్టిగా నలిపి మందు రాసెయ్."

పిన్ని చేతులు తీసేసి తువ్వాలుతో తుడుచుకుంది. రాయనంది, కట్టనంది. కావాలంటే ఐసు పెడతానంది.

బాణం లేచి కూర్చుంది. కళ్లు ఎర్రబడ్డాయి. "గోడక్కకి చేశావుగా. నాకెందుకు చెయ్యవు?"

"దానికి చేశాను కాబట్టే నీకు చెయ్యను."

ఆ పిల్ల మేజోళ్లు విసురుగా లాక్కుని, తలుపు ధడాలున వేసి వెళ్లిపోయింది. మైదానంలో మొదటి విజిల్ వినబడింది.

పిన్ని కాసేపు ఖాళీ బల్ల వైపు చూస్తూ నిలబడింది. సార్ దగ్గరికి వెళ్లి ఆ పిల్ల సంగతి చెప్పేస్తే పంతొమ్మిదేళ్ల మాట పోతుంది, రేపట్నుంచి ఆ కన్నంలో ఎవరూ నిజం చెప్పరు. చెప్పకపోతే ఆ కండ పోతుంది. చెప్పకుండానే ఆయన కళ్లకు కనబడేలా చెయ్యాలి. ఆవిడ బల్ల కాళ్లు టకటకా మడిచి, పెట్టెలా మూసి, పిడి పట్టుకుని బయటికి ఈడ్చింది. పద్దెనిమిది కిలోల బరువు. దారిలో మైదానం చూసుకునే ముసలాయన తన గడ్డి పాడైపోతోందని లబోదిబోమన్నాడు.

"గడ్డి నాలుగు రోజుల్లో మొలుస్తుంది బాబాయ్. జరుగు."

సున్నం గీత పక్కన బల్ల విప్పి నిలబెట్టింది. సార్ విజిల్ నోట్లోంచి తీసి, ఏమిటీ తమాషా అని అడిగాడు.

"మీరు నా గదికి రారు కదా సార్, గదే మీ దగ్గరికొచ్చింది. మ్యాచ్‌ల ముందు నొప్పి తెలీకుండా చెయ్యడం ఇవాళ్టితో మానేశాను. ఇక మీదట ఎవరి కాలైనా ఇక్కడే చూస్తాను, మీ ముందే. మీరూ చెయ్యి పెట్టి చూడండి."

"ప్రాక్టీసు చెడగొడుతున్నావు."

"విజిల్ మీ చేతిలోనే ఉంది, ఊదుకోండి. నేను అడ్డం రాను. వచ్చేవాళ్లొస్తారు."

ఆయన ఊదాడు. అమ్మాయిలు ఉరికారు, ఆగారు, తిరిగారు. పిన్ని బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. బాణం వైపు చూడలేదు. చూస్తే చెప్పినట్టే అవుతుంది. రెండో విజిల్. మూడో విజిల్. నాలుగోదానికి అందరూ కదిలారు గానీ బాణం కదల్లేదు. నడుం మీద చేతులు పెట్టుకుని, రొప్పుతూ, గడ్డి వైపు చూస్తోంది. కుంటకుండా నడవాలని చూసింది, పాపం, కుదర్లేదు. అలాగే బల్ల దాకా వచ్చింది.

సార్ గొంతు తగ్గించాడు. "ఆ బల్ల ఎక్కావంటే శనివారం జట్టులో లేవు. ఎవరొస్తున్నారో తెలుసుగా."

బాణం బల్ల ఎక్కి బోర్లా పడుకుంది. ముఖం మాత్రం కన్నంలో పెట్టలేదు. గడ్డం అంచున ఆనించి సూటిగా ఆయన్నే చూసింది.

"తెలుసు సార్. సోమవారం నుంచి నొప్పి. మీ దగ్గర దాచాను. శనివారం ఆడను. మూడు వారాల తర్వాత ఆడతాను, అప్పుడు పిలవకపోతే మీ ఇష్టం. గోడక్కలా ఆర్నెల్లు మాత్రం పడుకోను."

పిన్ని సార్ చెయ్యి పట్టుకుని బొటనవేలు ముడి మీద పెట్టింది. ఆయన వద్దనేలోపే అది వేలికి తగిలింది. బాణం పళ్లు బిగించింది. ఆయన చెయ్యి వెంటనే తియ్యలేదు. ఒకప్పుడు తనూ ఆడినవాడేగా, ఆ గింజ ఏమిటో తెలియకుండా ఉంటుందా. తర్వాత చెయ్యి వెనక్కి లాక్కుని, చుట్టూ చూశాడు. మైదానంలో పరుగు ఆగిపోయింది. మరో నలుగురు అమ్మాయిలు ఒకరి వెనక ఒకరు బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

తనకు తెలిసిన విషయమే తన మీదికి తిరగబడితే మగాడికి వచ్చే కోపం ఆయనకూ వచ్చింది. మొహం కందగడ్డలా అయింది.

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

"రేపు రాను సార్," అంది పిన్ని, బాణం తొడ మీద ఐసు సంచి సర్దుతూ. "ఇవాళ ఆరింటిదాకా డ్యూటీ ఉంది. కాస్త పక్కకి జరగండి, వెనక పిల్లలు నిలబడ్డారు."