ఆదిగా వెళ్ళిన బాబిన్ కేసు

ఆ రోజు ఇంట్లో కాశింబీ ఉంది. ఆమె అత్త హుస్సేనమ్మ ఉంది. తొమ్మిదో తరగతి చదివే కూతురు రిజ్వానా ఉంది. మనవడి యూనిఫాం ఎందాకా వచ్చిందో చూసిపోదామని వచ్చి, పీట మీద కూర్చుని లేవని పేరమ్మ ఉంది. కాశింబీ భర్త సుభాని గ్రానైటు లారీ మీద వెళ్ళాడు కాబట్టి లేడు. వీళ్ళు కాక ఇంకొకరు కూడా ఉన్నారు గాని, ఇంట్లో ఎవరెవరున్నారని అడిగితే ఆ పేరు ఎవరూ చెప్పరు. అది నేను. నేను ఒక బాబిన్ కేసును.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. కుట్టుమిషను మీద మీకు కనిపించే దారం సగమే. మిగతా సగం కింద, సూది దిగేచోట, బాబిన్ అనే చిన్న గిలకకు చుట్టుకుని ఉంటుంది. ఆ గిలకను కడుపులో పెట్టుకుని కూర్చునే ఉక్కు డిబ్బీని నేను. నా పక్కన సన్నని రేకు ఒకటి చిన్న మరతో బిగించి ఉంటుంది. కింది దారం ఆ రేకు అడుగునుంచి ఒత్తుకుంటూ బయటికి రావాలి. మరీ బిగిస్తే దారం తెగుతుంది. వదిలేస్తే కుట్టు నిలవదు. మీ చొక్కా మీ ఒంటిమీద నిలబడటంలో నా పాత్ర ఇంత ఉంది. అయినా కుట్టు బాగుంటే మెచ్చుకునేది దర్జీని, బాగాలేకపోతే తిట్టేదీ దర్జీనే. అందుకు నాకు బాధ లేదు.

నేను పుట్టింది ఉత్తరాదిన ఒక కార్ఖానాలో. అక్కడ ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన పని మా అంచుల చుట్టూ బొటనవేలి గోరు తిప్పి చూడటం. గోరుకు ఏ కాస్త గరుకు తగిలినా మళ్ళీ రాపిడికి పంపేవాడు. నన్ను మూడుసార్లు పంపాడు. అప్పుడు విసుగొచ్చింది గాని, ఇన్నేళ్ళు ఒక్క దారాన్నీ కోయకుండా బతికానంటే ఆ గోరు చలవే.

అక్కడినుంచి మిషనుతో పాటు మస్తాన్ సాయిబు చేతికి వచ్చాను. ఆయన కాశింబీ తండ్రి. సంతలో చింతచెట్టు కింద మిషను వేసుకుని కుట్టేవాడు. కొలతల టేపు మెడలో దండలాగా వేలాడేది గాని, దానితో ఆయన కొలిచింది తక్కువ. మా పల్లెల్లో టేపు పెట్టించుకునేవాళ్ళు ఎవరు? ఒంటికి సరిపోయిన పాత బట్ట ఒకటి తెచ్చి కొత్త గుడ్డలో చుట్టి, "ఇదిగో, ఆది" అని ఇస్తారు. మూటకు గుడ్డపీలిక కట్టి దానిమీద పేరు, ఫోను నంబరు రాస్తారు. ఆది ఇచ్చాక ఇంకేం చెప్పరు. దర్జీ ఆ పాతబట్టను పరిచి, అరచేత్తో నిమిరి చూస్తే చాలు, ఆ మనిషి భుజం ఎటు వాలుతుందో, ఏ చెయ్యి ఎక్కువ కదులుతుందో తెలిసిపోతుంది. ఆయన పోయాక మిషను కాశింబీకి వచ్చింది. ఆ నిమిరే చెయ్యి కూడా ఆమెకే వచ్చింది. ఆమె కత్తెర పట్టుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

ఇక ఆ రోజు సంగతి. బడి పిల్లలకు సర్కారు ఇచ్చిన యూనిఫాం గుడ్డలు ఊళ్ళో సగం ఇళ్ళనుంచి కాశింబీ దగ్గరికి వచ్చాయి. గోడవారగా మూటలు, ప్రతి మూటలో పోయినేటి యూనిఫాం ఆది. ఇదివరకు ఈ కుట్టుపని టౌన్లో దుకాణానికి వెళ్ళేది. తల్లులను ఒప్పించి ఈ ఏడు కాశింబీ తెచ్చుకుంది. బడి తెరిచేలోగా ఇవ్వగలిగితే ఏటా ఆమెదే. ఇవ్వలేకపోతే మళ్ళీ ఆ గడప ఎవరూ తొక్కరు.

సరిగ్గా అప్పుడే నా రేకు అరిగిపోయింది. ఏళ్ళ తరబడి దారం ఒకేచోట నడిచీ నడిచీ గాడి పడింది. బట్ట కింద ఉచ్చులు ఉచ్చులుగా దారం వేలాడసాగింది.

పేరమ్మ ఒక నిక్కరు తిరగేసి చూసింది. "ఏందే కాశింబీ, ఇది కుట్టా, పురికొసా? మావోడు బడిలో గోడ దూకే రకం. మొదటిరోజే పిర్ర పిగులుద్ది."

"అది నేనియ్యనులే పెద్దమ్మా. ఇప్పేసి మళ్ళీ కుడతా."

"దేంతో కుడతావ్? సోమారం బడి తెరుత్తన్నారు. చేతగాదంటే చెప్పు, మూట తీసకపోతా. టౌన్లో దుకాణం ఇంకా మూయలేదు."

హుస్సేనమ్మ బొత్తాలు కుడుతూ తలెత్తకుండానే అంది: "దాని బతుకంతా మిషనేనమ్మా. దానికి చేతగాకపోతే ఇంకెవురికీ చేతగాదు." కోడలిని ఎదుట ఏనాడూ మెచ్చుకోని మనిషి. కాశింబీ చెయ్యి ఒక్కక్షణం ఆగింది.

టౌన్లో మిషను సామాన్ల కొట్టు ఒకటి ఉండేది. జనమంతా ఫోన్లో కొనుక్కోవడం మొదలుపెట్టాక అది మూతపడి, ఇప్పుడు అక్కడ చికెన్ పకోడీ అమ్ముతున్నారు. కాబట్టి రిజ్వానా ఫోను తీసింది.

ఫోన్లోని ఆ పెద్ద అంగడి గురించి నేను ఒట్టిగా చెడు చెప్పను. మొదట్లో దాన్ని చూసి నేనే ముచ్చటపడ్డాను. కాశింబీకి మొదటిసారి కత్తెర అక్కడినుంచే వచ్చింది. బొమ్మలో ఎలా ఉందో చేతిలోనూ అలాగే ఉంది. అట్టపెట్టె విప్పితే నూనెకాగితం, దానిలో కత్తెర, పెళ్ళికూతురిలాగా. ఆ కత్తెర ఇప్పటికీ గుడ్డను వెన్నలాగా కోస్తుంది. ఎక్కడో పట్నంలో ఉన్నవాళ్ళు మన ఊరి దర్జీకి ఇంత మంచి వస్తువు గుమ్మంలోకి పంపుతున్నారంటే గొప్ప కాదా?

తర్వాతే ఏదో అయింది. బాబిన్ కేసు అని రిజ్వానా వెతికితే ముందు ఫోను కేసులు వచ్చాయి. కిందికి జరిపితే పిల్లల బొమ్మ మిషన్లు. ఇంకా కిందికి పోతే బాబిన్ కేసులే, అన్నింటికీ ఒకటే బొమ్మ, పేర్లు మాత్రం వేరు. నోరు తిరగని పేర్లు, అక్షరాల డబ్బా బోర్లించి ఏరుకున్నట్టు. ప్రతిదానికీ అయిదు నక్షత్రాలు. ఒకదాని కింద ఒకావిడ "చాలా బాగుంది, మా పిల్లలు ఇష్టంగా తిన్నారు" అని రాసింది. మనుషులు ఆకాశంలో నక్షత్రాలను లెక్కపెట్టలేక, ఇక్కడ లెక్కపెట్టుకుంటున్నారేమో.

ఒకటి తెప్పించారు. పెళుసు మెరుపు, అంచులు గరుకు. ఏ గోరూ దాని చుట్టూ తిరగలేదని చూడగానే నాకు తెలిసింది. దాన్ని మిషన్లో పెట్టి తొక్కగానే లొడలొడలాడింది. సూది దిగి దాని నెత్తిన కొట్టి విరిగింది.

"రేకు కొత్తదిగానే ఉంది" అంది కాశింబీ, దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ. "మర సడలించి..."

"వొద్దమ్మా! విప్పితే వాపసు తీసుకోరు. వాపసు పెడితే వేరేది పంపుతారు" అంది రిజ్వానా.

అప్పుడు కాశింబీ చేసిన పని ఈ లోకంలో దర్జీ తప్ప ఇంకెవరూ చెయ్యరు. నన్ను మిషనులోంచి తీసి, కొంగుతో తుడిచి, యూనిఫాం గుడ్డముక్కలో చుట్టి ముడేసింది. పీలిక కట్టి దానిమీద బాల్ పెన్నుతో తన పేరు, నంబరు రాసింది. వాపసు వెళ్ళే కవరులో ఆ కొత్తదాని పక్కన నన్నూ పెట్టింది.

"అమ్మా, అదెందుకే?"

"ఆది లేకుండా వాళ్ళు మాత్రం ఎట్టా పంపుతారే? పాపం, వాళ్ళకేం తెలుసు మన మిషను సంగతి? చూసుకుని దీనికి సరిపోయేది పంపుతారు."

తల్లి మొహం చూసి రిజ్వానా కవరు అంటించింది. పార్సిల్ అబ్బాయి వచ్చాడు. "బాబూ, అందులో ఆది పెట్టానని చెప్పు వాళ్ళకి" అంది కాశింబీ. "చెప్తా ఆంటీ" అన్నాడు ఫోను చూసుకుంటూ. పేరమ్మ మాత్రం నోటిమీద వేలేసుకుంది. "ఉన్న కుంటిదాన్ని కూడా పంపేసింది. అమాయకపు ముండ."

కవరులో నా పక్కన ఉన్న కొత్తది దారిపొడుగునా గలగలలాడింది. దానికది మూడో ప్రయాణమట. ఏ ఇంటికి పంపినా సరిపోక వెనక్కి వస్తుంది, మళ్ళీ కొత్త కవరేసి ఇంకో ఇంటికి పంపుతారు. కొంచెం జాలేసింది. అచ్చు సరిగ్గా పోయకపోవడం దాని తప్పు కాదుగదా.

మేము చేరినచోటు ఎంత పెద్దదో చెప్పలేను. మా ఊరు మొత్తం తెచ్చి అందులో పెడితే ఒక మూల ఖాళీ ఉంటుంది. వాపసు వచ్చిన సామాను విప్పే బల్లల దగ్గర వరసగా ఆడపిల్లలు నిలబడి ఉన్నారు. వాళ్ళలో దీవెన అనే అమ్మాయి మా కవరు విప్పింది. చేతిలోని స్కానింగు యంత్రం చూపించగానే అది కొత్తదాన్ని గుర్తుపట్టి కూత కూసింది. నన్ను చూపిస్తే ఏమీ పలకలేదు. అలాంటివి పడేసే డబ్బా ఒకటి కాళ్ళ దగ్గర ఉంది. దీవెన నన్ను దానిలోకి వెయ్యబోయి, ముడి చూసి ఆగింది. పీలిక చూసింది. ముడి విప్పి, నన్ను అరచేతిలో పెట్టుకుని, "ఓయమ్మో, ఆది పంపింది!" అని గట్టిగానే నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఎక్కడికో పోయి, కళ్ళు తుడుచుకుంది. వాళ్ళమ్మ కూడా మిషను కుట్టేదని తర్వాత తెలిసింది.

అరల్లో ఉన్న బాబిన్ కేసులన్నీ తెచ్చి నా పక్కన పెట్టి చూసింది. పేర్లు ఎన్నో, అచ్చు ఒకటే. ఒక్కటీ నాకు సరిపోలేదు.

భోజనాల వేళ కాశింబీకి ఫోను చేసింది. స్పీకరు పెట్టడంతో నేనూ విన్నాను.

"అమ్మా, నీ ఆది నా కాడుంది."

అవతలనుంచి కాశింబీ గొంతు: "నీకు చేరిందా తల్లీ? మరి మొన్న పంపిందేంది? మళ్ళీ అదే దిక్కుమాలిందే వొచ్చింది. ఆది చూడకుండానే కత్తిరించారా?"

"అది వేరేచోటునుంచి పంపుతారమ్మా. ఇక్కడికి వొచ్చింది ఎవరూ చూడరు."

"చూడకపోతే మరి ఆది ఎందుకు..." అని ఆగిపోయింది కాశింబీ. ఆమె గొంతు అలా చిన్నదైపోవడం నేను ఎన్నడూ వినలేదు. "బడి తెరిచారమ్మా. పిల్లలు పాతబట్టలు ఏసుకుపోవాలని తల్లులు ఆదులు పట్టుకుపోయారు. నేను కత్తిరించిపెట్టిన గుడ్డలు మాత్రం శుక్రారం దాకా ఉంచుతామన్నారు. నా మొహం చూసి."

"నీ డిబ్బీ నేను పంపుతా. ఈసారి వొచ్చినదాన్ని వాపసు పెట్టబాకు. దాని రేకు పనికొస్తదేమో చూడు."

"రేకు ఊడదీస్తే తీసుకోరంటగా?"

"తీసుకోకపోతే మానె. నీ కాడే ఉండనీ."

పంపుతానంది గాని, ఆ ప్రాంగణం గేటు దగ్గర ఇనుప చౌకట్టు ఒకటి ఉంది. దానిలోంచి గుండుసూదితో వెళ్ళినా కీచుమంటుంది. సాయంత్రం దీవెన వెళ్ళేటప్పుడు అది కీచుమంది. కావలి ఉన్న యాదగిరి నన్ను లాక్కుని దీపం దగ్గర పెట్టి చూశాడు.

"ఏందమ్మా ఇది? మాల్ ఎత్కపోతున్నవా?"

"మాల్ కాదు సార్. ఇది ఆది."

"ఆది అంటే?"

దీవెన చెప్పింది. దర్జీల సంగతి తెలియనివాళ్ళకు చెప్పడం ఎంత కష్టమో ఆ రోజు చూశాను. యాదగిరి నన్ను తన యంత్రానికి చూపించాడు. పలకలేదు. బోర్లించి చూపించాడు. పలకలేదు. బుర్ర గోక్కున్నాడు.

"కంప్యూటర్ల లేదు. కంప్యూటర్ల లేనిది మా దగ్గర లేనట్టే. లేనిదాన్ని ఎట్ల దొంగతనం చేస్తవ్? పో, జల్ది పో."

అంత పెద్ద అంగడిలో నేను ఒక వస్తువునే కాననడం నాకు కొంచెం అవమానంగానే అనిపించింది. కాని దీవెన పిడికిలి బిగించి బయటికి నడుస్తుంటే, ఆ చేతిలో నా విలువ నాకు తెలిసింది. బస్సు పార్సిల్లో టౌనుకు వచ్చాను. రిజ్వానా వెళ్ళి తెచ్చింది. సిగ్గరి పిల్ల, కౌంటరు దగ్గర పేరు కాగితం మీద రాసి చూపించిందట.

శుక్రవారం పొద్దున. పేరమ్మ గుమ్మంలో ఉంది, మూట తీసుకుపోవడానికి సంచితో. కాశింబీ ఆమెను చూసి కూడా పలకరించలేదు. కొత్తదాని మర సడలించి రేకు తీసింది. నా పాత రేకు తీసేసి దాన్ని నాకు తొడిగింది. దారం లాగింది, మర పావువంతు తిప్పింది, లాగింది, మళ్ళీ వెంట్రుకవాసి తిప్పింది. నన్ను దారంతో వేలాడదీసి మణికట్టు ఒక్కసారి విదిలించింది. నేను కొద్దిగా జారి, ఆగాను. బిగువు సరిపోయింది.

ముందు పేరమ్మ మనవడి నిక్కరే కుట్టింది. కుట్టు పూర్తవగానే దారం తుంచి, ఆమె ఒళ్ళో వేసింది.

"లాగి చూడు పెద్దమ్మా."

పేరమ్మ రెండు చేతులతో పట్టి, పళ్ళు బిగించి, కసిగా లాగింది. గుడ్డ సాగింది గాని కుట్టు కదల్లేదు. తిరగేసి మళ్ళీ లాగింది. తర్వాత సంచి మడిచి పీట కింద పెట్టి, "హుస్సేనమ్మత్తా, ఆ బొత్తాల డబ్బా ఇటియ్యి. కళ్ళు కనపడి చావవు నీకు" అంటూ కూర్చుంది.

కాశింబీ ఇంకో బాబిన్ చుట్టి నాలో కూర్చోబెట్టింది. నన్ను నా చోట 'టక్'మని పడేదాకా నొక్కింది. గోడవారన మూటలన్నీ అలాగే ఉన్నాయి. వాటినొకసారి చూసింది. మిషను మీద నన్ను కప్పే జారుడు పలకను బొటనవేలితో జరిపి, మూసేసింది.