నాలుగో జవాబు

తాపీమేస్త్రి మోకాళ్లు అరిగిపోయాయి. పరంజా ఎక్కితే దిగడం గగనంగా ఉంది. సూపర్‌వైజర్ ఉద్యోగం ఖాళీ అయింది. ఇరవై ఆరేళ్లు గోడలు లేపిన మనిషికి పిలిచి ఇవ్వాల్సింది. కాని కంపెనీవాళ్లు పరీక్ష పెట్టారు. కంప్యూటర్ ముందు ఇరవై నిమిషాల్లో ఇరవై లెక్కలు. పదిహేను ఒప్పయితే కుర్చీ, లేదంటే మళ్లీ పరంజా.

ట్యూషన్లు చెప్పే మరదలు వంటింటి బల్లమీద పాత ప్రశ్నలు పరిచింది. ఒక్కోదాని కింద నాలుగు జవాబులు. నాలుగోది ఎప్పుడూ “చెప్పలేం”.

“ఆరుగురు పది రోజుల్లో కట్టే గోడ, పన్నెండుమందైతే ఎన్ని రోజులు బావా?”

“చెప్పలేం.”

“అదేంటి?”

“పరంజా మీద పన్నెండుమంది పడతారా? సిమెంటు మాలు అందించేదెవరు? వానొస్తే?”

“కాగితం మీద వానెక్కడొస్తుంది బావా! ఐదు రోజులు.”

“ఎవడి తాత కడతాడు? కింది వరస ఆరకుండా పైది పెడితే తెల్లారేసరికి గోడ చతికిలబడుతుంది!”

“నిన్ను కట్టమన్నాడా? గుణించి భాగించమన్నాడు.”

“కట్టేవాడొకడు ఉంటాడుగా! వాణ్ణెవడడుగుతాడు?” పెన్సిల్ పుటుక్కున విరిగింది.

ఇరవైకి ఆరు వచ్చాయి. పద్నాలుగింటికి “చెప్పలేం” అనే పెట్టాడు.

పొయ్యి దగ్గర్నుంచి భార్య అంది: “ఆ కోపమేదో మీ మోకాళ్లమీద చూపించండి. నాలుగు రోజులుగా మెట్లమీద కూర్చుని కూర్చుని దిగుతున్నారు.”

మేస్త్రి విరిగిన పెన్సిల్ చెక్కుకున్నాడు. తొమ్మిది రోజులు పళ్లు బిగించి గుణించాడు, భాగించాడు.

పరీక్షలో పదకొండో ప్రశ్న: మూడు మీటర్ల లోతు గొయ్యిని ఆరుగురు ఆరు రోజుల్లో తవ్వితే, ఒక్క రోజులో తవ్వడానికి ఎంతమంది కావాలి?

అలాంటి గోతులు అతనికి తెలుసు. ఆరుగురు దిగితేనే గునపం ఎత్తడానికి చోటుండదు. ఒడ్డు మట్టి జారితే పైకి రావడానికి ఒకటే నిచ్చెన. వేలు నాలుగో జవాబు మీదికి పోయింది. తెర మూలన క్షణాలు కరిగిపోతున్నాయి.

ముప్పై ఆరు నొక్కాడు.

పదిహేడు ఒప్పయ్యాయి. “అనుభవం ఉన్నవాళ్లకు ఇదెంత పని!” అన్నాడు ఆఫీసరు. మేస్త్రి అతని మొహంలోకి చూశాడు. కాగితం చిరిగేలా సంతకం పెట్టాడు.

గేటు దగ్గర మరదలు ఎదురొచ్చింది. “వచ్చిందా బావా?”

“వచ్చింది.”

“మరి ఆ మొహమేంటి?”

“ముప్పై ఆరుగురిని ఒకే గోతిలో దింపి వచ్చానే. ఆగరా అన్నవాడు ఒక్కడూ లేడు.”