పైవరస కాయలు

పంపరపనసని కోసిన రోజే తినకూడదు. కొట్టంలో గోనెల మీద పరిచి కొన్నాళ్లు వదిలెయ్యాలి. తొక్క వాడి, ముడతలు పడ్డాక గానీ తొనల్లోకి తీపి దిగదు. తైవాన్‌లో మా ఊరు మాదౌలో ఈ సంగతి అందరికీ తెలుసు. తైపేలో కొనేవాళ్లకి ముడత కనపడితే పాతసరుకు. అందుకే పెద్ద దుకాణాలవాళ్లు మా ముసలిచెట్ల కాయల జోలికి రారు. నునుపుగా, పెద్దగా ఉండే లేతచెట్ల కాయలే పట్టుకుపోతారు.

ఆ యేడు లింగ్యావ్ వచ్చింది. అప్పుడే డిగ్రీ పూర్తిచేసి, తైపేలో ఒక సూపర్‌మార్కెట్ల కంపెనీలో బయ్యరు పని నేర్చుకోవడానికి చేరిన పిల్ల. ఏ సరుకు ఎవరి దగ్గర కొని దుకాణాల్లో పెట్టాలో తేల్చేది బయ్యర్లే. కొత్తవాళ్లు ఒక్కొక్కరూ చంద్రుడి పండక్కి ఒక సరుకు వెతికి తేవాలి. అది పైవాళ్లకి నచ్చితే బయ్యరు ఉద్యోగం. నచ్చకపోతే ఏదో ఒక దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూచోబెడతారు. ఆ పిల్ల ఊళ్లో చాలా తోటలు తిరిగి, చివరికి నా కొట్టంలో ముడతలుపడ్డ కాయ తిని అక్కడే ఆగిపోయింది. కాయలు వాడేదాకా మా ఇంట్లోనే ఉంది.

మా ఆవిడ షియూలువాన్‌కి మాట్లాడ్డానికి మనిషి దొరికింది.

"అన్నేళ్లు చదివింది కాయలు పిసకడానికేనటే?"

"అవును పిన్నీ. పిసికితే జీతమిస్తారు."

"మీ బాబాయ్ పుట్టినప్పట్నుంచీ పిసుకుతున్నాడు. ఆయనకెవరూ ఇవ్వలేదే?"

నేను టీ తాగుతున్నాను. వాళ్లిద్దరూ నన్ను చూసి నవ్వుకున్నారు. అన్నాల దగ్గర మా ఆవిడ పాలబొంత చేప పొట్టముక్క తీసి ఆ పిల్ల గిన్నెలో వేసేది. అంతకుముందు అది నా గిన్నెలో పడేది.

తైపేకి మచ్చు పెట్టె కట్టే రోజున లింగ్యావ్ కాయల్ని ఒక్కొక్కటీ చేతిలో తూచి ఏరింది. పెట్టెలో సర్దింది మా ఆవిడ. మా వైపు ఎవరికైనా పెట్టె పంపితే పైవరస కంటికి ఇంపుగా ఉండాలి. అది మర్యాద. మా బావమరిదివి లేతచెట్లు. ఆ కాయలు తెచ్చి, తడిగుడ్డతో తుడిచి పైన పేర్చింది. నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. లింగ్యావ్ మూత ఎత్తి చూసింది. మా ఆవిడ పక్కనే చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. ఆ పిల్ల మూత దించేసింది. నేను ట్రక్కుకి తాడు కడుతున్నాను.

పెట్టె తీసుకుని నేనూ లింగ్యావూ తైపే వెళ్లాం. అక్కడ బయ్యర్ల మీద పెద్ద ఫాన్ మేడమ్. యాభై దాటిన మనిషి. చొక్కా చేతులు పైకి మడిచి, పెట్టె తెరిచి, పైకాయ తీసి కోసింది. తొక్క బొంతంత మందం ఉంది. ఒక తొన నోట్లో వేసుకుని మిగతాది పక్కన పెట్టేసింది.

"ముడతపడ్డ కాయే తీపి అని రాశావు. ఇదేంటి, నున్నగా పుల్లగా ఉంది?"

లింగ్యావ్ చెవులు ఎర్రబడ్డాయి. "కింది వరసది కొయ్యండి మేడమ్."

ఆవిడ కింది కాయ కోసింది. ఒక తొన తింది. ఇంకోటి తింది. "ఇది మంచికాయ. పైవి ఎక్కడివి?"

"మా ఇంట్లోవాళ్లు పెట్టారు," అన్నాను. "మా వైపు అలాగే పెడతారు."

"మోసమని అనడం లేదు క్వొగారూ. మా అమ్మా అలాగే పెట్టేది." లింగ్యావ్ వైపు తిరిగింది. "నువ్వు చూశావా?"

చూడలేదని చెప్పుంటే సరిపోయేది. తప్పు మా ఇంటిమీదే పడేది.

"చూశాను."

"మరి తియ్యలేదేం?"

"పిన్ని పక్కనే ఉంది."

ఫాన్ మేడమ్ కత్తి తుడుచుకుంది. "కొనేవాళ్ల పక్కన ఎప్పుడూ ఎవరో ఒక పిన్ని ఉంటుంది. సరే, సరుకు తీసుకుంటాను, పైవరస లేకుండా. ఆ మాట ఆవిడకి నువ్వే చెప్పాలి. ఫోన్లో కాదు, ఎదురుగా. నేను చెప్పినట్టు సరుకొస్తే ఉద్యోగం నీది. లేదంటే గల్లాపెట్టె ఎక్కడికీ పోదు."

వెనక్కొచ్చేటప్పుడు ట్రక్కులో లింగ్యావ్ నావైపు తిరిగింది.

"బాబాయ్, పిన్నికి మీరొకమాట ముందు చెప్తే…"

"నిన్ను కదా చెప్పమంది," అన్నాను.

మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. "పైకాయలు చూసి ఏమన్నారే? కళ్లు తిప్పుకోలేకపోయుంటారు."

లింగ్యావ్ సంచి కూడా దించలేదు. "పుల్లగా ఉన్నాయన్నారు పిన్నీ. పుల్లనివని నాకు ముందే తెలుసు. ఈసారి పెట్టొద్దు."

మా ఆవిడ నావైపు చూసింది. నేను చెప్పులు విప్పుకుంటున్నాను.

"మా తమ్ముడి కాయలవి."

"తెలుసు పిన్నీ."

"నా చేత్తో తుడిచి పెట్టాను."

"చూశాను. అప్పుడే చెప్పాల్సింది."

మా ఆవిడ లోపలికి పోయి పొయ్యి వెలిగించింది. ఆ పూట పొట్టముక్క నా గిన్నెలో పడింది. నేను తిన్నాను.

మర్నాడు పెట్టెలు కట్టడం. ఒక్కో పెట్టె నిండగానే మా ఆవిడ టేపు పట్టుకుని నిలబడేది, అంటించేది కాదు.

"చూసుకోండి," అనేది. అంతకుముందు ఆ పిల్లని ఎప్పుడూ మీరు అనలేదు.

లింగ్యావ్ మొదటి పెట్టె దగ్గర కాస్త తటపటాయించింది. తర్వాత మూత ఎత్తి, పైకాయలు చూసి, చెయ్యి అడుగుదాకా పెట్టి తడిమి, తలూపింది. మా ఆవిడ అప్పుడు టేపు వేసింది. మళ్లీ ఇంకో పెట్టె. మళ్లీ చూసుకోండి. ఒకచోట ఆ పిల్ల ఒక కాయ తీసి పక్కన పెట్టింది. అది మా చెట్టుదే. కానీ ఇంకా వాడలేదు. మా ఆవిడ ఆ కాయని చేతిలోకి తీసుకుని, బొటనవేలితో నొక్కి చూసి, ఇంకోటి ఇచ్చింది.

ట్రక్కు నిండింది. లింగ్యావ్ ఎక్కి కూచుంది. మా ఆవిడ లోపల్నుంచి వలసంచిలో రెండు కాయలు తెచ్చింది. నున్నవి, మెరిసేవి.

"పండక్కి దేవుడి ముందు పెట్టమనండి మీ అమ్మగార్ని. దేవుడు కొరికి చూడడులెండి."

ఆ పిల్ల రెండు చేతులతో అందుకుంది. "మా అమ్మ కొరుకుతుంది పిన్నీ."

"అయితే ఉప్పద్దుకోమను."

ఆ మాట అని కొట్టం కడగడానికి వెళ్లిపోయింది. నేను ట్రక్కు స్టార్ట్ చేశాను. దారంతా ఆ సంచి లింగ్యావ్ ఒళ్లోనే ఉంది.