ఊపిరి అందని చోట

"ముందు కుస్కుస్, తర్వాతే ఖురాన్" అంది మా అత్త అకీలా, నేను తలకు ముసుగు చుట్టుకుంటుంటే. శుక్రవారం పొద్దుట మా కాన్‌స్టాంటీన్ ఊళ్లో ఏ ఇంట్లో చూసినా ఇదే పని. రవ్వను ఆవిరికి పెట్టడం, దించి చేత్తో పొడిపొడిగా నలపడం, మళ్లీ పెట్టడం. వేళ్లు కాలుతాయి. గరిటె వాడితే మా అత్త ఒప్పుకోదు, చేతి రుచి పోతుందంటుంది. కాలేది నా చేయి, ఆమెకేం పోయింది!

వారమంతా ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే యంత్రాల దగ్గర నిలబడతాను. సెలవు దొరికే శుక్రవారం పొద్దుటే మసీదులో సకీనా టీచర్ ఆడవాళ్లకు ఖురాన్ చదవడం నేర్పుతుంది. చిన్నప్పుడు మా నాన్న నా తమ్ముళ్లను మసీదు బడికి పంపాడు, నన్ను పంపలేదు. నలభై దాటాక మొదలుపెట్టాను. ఇంట్లో పుస్తకం తెరిస్తే చాలు, ఎవరో ఒకరు పిలుస్తారు. మేజోళ్లెక్కడ, ఉప్పెక్కడ, మాత్రలెక్కడ. అందుకే ఆ యంత్రాల రొదలో వల్లె వేసుకుంటాను. అక్కడ నన్ను ఎవరూ పిలవరు, పిలిచినా వినపడదు.

మా ఆయన రాబహ్ టైర్ల కొట్టు మూసేసి చాలా కాలమైంది. ఇప్పుడు కాఫీ కొట్లో డొమినోలు ఆడతాడు. ఇల్లు నా జీతంతోనే గడుస్తోంది, ఆయన సిగరెట్లతో సహా. అందుకు నాకు ఏడుపు లేదు, కష్టం ఎవరికైనా వస్తుంది. కానీ నేను క్లాసు మాట ఎత్తగానే దేవుడి మాట అందుకుంటాడు. మగవాడే ఆడదానికి పెద్దదిక్కట, గ్రంథంలోనే ఉందట. అంతవరకే చదివి ఆపేస్తాడు. చిన్నప్పుడు మసీదు బడిలో బెత్తం దెబ్బలు తిని కంఠస్థం చేసినవాడు, నేనేమో ఏమీ రానిదాన్ని. పెళ్లయినప్పటి నుంచీ నోరు మూసుకునే విన్నాను. నిజం చెప్పొద్దూ, ఆ మాట విన్నప్పుడల్లా దేవుడి మీద కూడా లోపల్లోపల అలిగేదాన్ని.

ఈ శుక్రవారం రవ్వను రెండోసారి ఆవిరికి పెట్టి, మా అమ్మాయి రీమ్‌కు అప్పగించి పరుగెత్తాను. నా వంతు వచ్చింది. చదువుతూ చదువుతూ సరిగ్గా ఆ వాక్యానికే వచ్చాను. రాబహ్ ఆపే చోటే నాకు ఊపిరి అయిపోయింది. గాలి పీల్చుకుని ముందుకు పోబోతే సకీనా టీచర్ చేయెత్తింది.

"అక్కడ ఆగకూడదమ్మా. ఊపిరి అందకపోతే తప్పు లేదు. కానీ వెనక్కి వెళ్లి, కలిపి చదవాలి. సగంలో ఆపితే అర్థం కూడా సగమే."

కలిపి చదివాను. మిగతా సగానికి అర్థమేమిటని అడిగాను. ఎందుకు పెద్దదిక్కో అక్కడే చెప్పి ఉందంది. చెప్పిన కారణాల్లో ఒకటి, వాళ్లు తమ సొమ్ము ఆడవాళ్ల కోసం ఖర్చు పెడతారు గనక. ఆమె మామూలుగానే చెప్పింది. నాకు కడుపు మండిపోయింది. ఇన్నేళ్లూ నాకు సగం దేవుణ్ణే వడ్డించారు.

ఇంటికొచ్చేసరికి కుస్కుస్ ముద్దయిపోయింది. నమాజు నుంచి వచ్చిన రాబహ్, మా మరిది మొఖ్తార్ పళ్లెం ముందు కూర్చున్నారు. అత్త పెదవి విరిచింది. రాబహ్ చెంచా పడేసి, వచ్చే వారం నుంచి మసీదు బందన్నాడు. తమ్ముడి వైపు తిరిగి, "మగవాడే ఆడదానికి పెద్దదిక్కు. దేవుడే అన్నాడు" అని ఆపాడు.

"అక్కడ ఆగకూడదు" అన్నాను. "వెనక్కి వెళ్లి, కలిపి చదవాలి."

మొఖ్తార్ తల దించుకుని నీళ్లు తాగాడు. రాబహ్‌కు మిగతాది ఇప్పుడు రాదేమో, అందుకే అక్కడ ఆపుతాడేమో అనుకుంటూ వచ్చాను దారంతా. ఆయన మొహం చూస్తే తెలిసిపోయింది. వచ్చు. మొదటినుంచీ వచ్చు. వచ్చే శుక్రవారమూ వెళ్తానని ఆ క్షణమే తేల్చుకున్నాను.

అక్షరం ముక్క రాని మా అత్త కొడుకు వైపు చూసింది.

"తర్వాతేముందిరా?"

రాబహ్ సిగరెట్ల కోసం జేబు తడుముకున్నాడు. నేను ఆ వాక్యం మొదటికి వెళ్లి అందుకున్నాను.

"ఆపు" అన్నాడు రాబహ్.

వాక్యం మధ్యలో ఉన్నాను. ఆపలేదు.