పసుపు దారం చుట్టిన క్లిప్పు

మా మనవడు నిశాంత్ వస్తువుల సంచి వచ్చిన పూట ఫ్లాట్‌లో నేనొక్కదాన్నే ఉన్నాను. నా కొడుకు విశ్వేశ్వరరావు, కోడలు ప్రభావతి మండాయ్ శ్మశానవాటికకి వెళ్ళారు, పిల్లవాడి అస్థికలు ఉంచడానికి గూడు చూసి రావాలని. సముద్రంలో కలపడానికి ప్రభావతి ఒప్పుకోలేదు.

"నీళ్ళకి ఒకసారి ఇచ్చాను, అత్తయ్యా. మళ్ళీ ఇవ్వను," అంది.

సంచి తెచ్చిన మనిషి నా చేత సంతకం పెట్టించుకుని లిఫ్ట్ ఎక్కాడు. మా లిఫ్ట్ తలుపుకి నిలువుగా సన్నటి అద్దం ఉంది. దిగిపోయేవాళ్ళ ముఖం అందులో ఒక్క క్షణం కనబడి కిందికి జారిపోతుంది. ఎవరు వెళ్ళినా అది చూసేదాకా నేను ఇంటి తలుపు వేయను. నా చిన్నతనంలో తంజోంగ్ పగార్ రేవులో మా నాన్న విశాఖపట్నం ఓడ ఎక్కుతుంటే నేను పక్కనున్న షర్బత్ బండి వైపు చూస్తున్నాను. తిరిగి చూసేసరికి ఆయన జనంలో కలిసిపోయాడు. మళ్ళీ రాలేదు. అప్పటినుంచి వెళ్ళేవాళ్ళని ఆఖరుదాకా చూడటం అలవాటైంది. నిశాంత్‌నీ చూశాను. వీపున పెద్ద సంచితో, పక్కన పెళ్ళాంతో, అద్దంలోంచి నాకేసి నాలుక బయటపెట్టి వెక్కిరిస్తూ దిగిపోయాడు.

సంచి విప్పాను. కళ్ళద్దాల మాస్కు, రబ్బరు రెక్కలు, టార్చి, లోతు చూపే చేతి గడియారం. అడుగున చిన్న ప్లాస్టిక్ కవరులో బట్టలకి పెట్టే క్లిప్పు. తెల్లటిది. దాని మీద పసుపు దారం బిగించి చుట్టి ఉంది.

ఆ ముడి నేను వేసిందే.

వాడి పెళ్ళయిన కొత్తలో ఒక ఆదివారం, వంటింటి కిటికీ బయట వెదురుగడలకి బట్టలు ఆరేస్తున్నాను. నిశాంత్ వచ్చి నా బుట్టలో చెయ్యి పెట్టాడు.

"మామ్మా, రెండు క్లిప్పులు చోప్ చేశాను. ఇవి నావి."

"ఎందుకురా? సముద్రంలో బట్టలారేస్తావా?"

"గుహలో. అక్కడ ఎండ బాగా కాస్తుందిలే."

సోఫాలో ఉన్న అక్షర ఫోనులోంచి తలెత్తలేదు. "ఆయన బట్టలారేసే రోజు నేను గూడ చూస్త, మామ్మా. తడి టవల్ మంచం మీద్నే పడుంటది."

అక్షరది వరంగల్. రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగం. డైవింగ్ నేర్చుకునే చోటే నిశాంత్‌కి పరిచయమైంది. నాలుగు తరాలుగా ఈ దేశంలోనే ఉంటున్న మా తెలుగు విని మొదట్లో పకపకా నవ్వేది. వచ్చిన నెలకే వాడు పిలిచినట్టే నన్ను మామ్మా అనడం మొదలుపెట్టింది.

ఆ రోజు నిశాంత్ క్లిప్పుల సంగతి చెప్పాడు. దక్షిణ థాయ్‌లాండ్‌లో సముద్రంలోంచి గోడల్లా నిలువుగా లేచిన సున్నపురాయి దీవులు ఉన్నాయి. నీటి కింద వాటికి గుహలు. గుహ నోటినుంచి లోపలి గదులదాకా తాడు కట్టి ఉంటుంది. తాడు పట్టుకునే లోపలికి, తాడు పట్టుకునే బయటికి.

"లోపలికెళ్ళే ప్రతి మనిషీ తాడుకి తన క్లిప్పు ఒకటి పెట్టాలి, మామ్మా. వచ్చేటప్పుడు తనది తను తీసుకోవాలి. క్లిప్పు ఇంకా ఉందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు."

"ఉంటే?"

"వెళ్ళి తీసుకురావాలి," అన్నాడు, కిందికెళ్ళి పాలు తెస్తానన్నంత తేలిగ్గా. "నీళ్ళు మురికైపోతే కళ్ళకి ఏమీ కనబడదు. అందుకే నీ దగ్గరకొచ్చాను. వేలికి తెలిసేలా ఒకదానికి ఏదైనా చుట్టిపెట్టు."

పెళ్ళి కంకణాల కోసం పేనిన దారం కొంచెం మిగిలి ఉంది. దాన్ని పసుపులో నానబెట్టి, ఆరబెట్టి, ఒక క్లిప్పుకి చుట్టి ముడి వేశాను. కొత్త కోడలు కదా అని అది అక్షరకి ఇచ్చాను. నిశాంత్ కళ్ళు మూసుకుని రెండూ తడిమాడు.

"దారం ఉన్నది అక్షర. నున్నగా ఉన్నది నేను. సరిపోతుంది, కెన్ లా, మామ్మా."

ఆ తర్వాత ఎన్ని గుహలకి వెళ్ళారో, అన్నిటికీ ఆ రెండు క్లిప్పులే వెళ్ళాయి.

నేను బడికి వెళ్ళలేదు. సెరంగూన్ రోడ్డు దుకాణాల్లో సరుకుల మీద పేర్లు చూసి తెలుగూ, బస్సుల మీద బోర్డులు చూసి ఇంగ్లీషూ కూడబలుక్కున్నదాన్ని. చేతికి ఏది దొరికితే అది చదువుతాను. నిశాంత్ డైవింగ్ పుస్తకం కూడా నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. పిరికివాళ్ళు చదవకూడని పుస్తకం అది. గుహల్లో అడుగున పిండిలాంటి బురద పేరుకుని ఉంటుందట. రెక్క ఒక్కసారి తగిలితే నీళ్ళు పాలలా అయిపోతాయట. అప్పుడు టార్చి వెలుగు వేసినా తన చెయ్యి తనకి కనబడదట. వాడు టీవీలో వీడియోలు పెట్టి చూపించేవాడు. ఊదారంగు మెత్తటి పగడాలు, గుహ నోట్లో గాజుపెంకుల్లా మెరిసే చిన్న చేపల గుంపు, చూరునుంచి వేలాడే రాతి కొమ్ములు. "ఒకప్పుడు ఈ గుహలు నేల మీదే ఉండేవి, మామ్మా. బొట్టు బొట్టుగా కారి కారి నీళ్ళు రాయి అయ్యాయి. తర్వాత సముద్రం వచ్చి ముంచేసింది," అనేవాడు. నేను చేపల్ని చూసేదాన్ని కాదు. వాటి వెనక కనబడే నలుపునే చూసేదాన్ని.

ఆ నలుపులోకి ఇద్దరూ వెళ్ళారు. అక్షర ఒక్కతే వచ్చింది.

కర్మలు అయిపోయిన మర్నాడు వంటింట్లో నా పక్కన కూచుని చెప్పింది. ఇంకెవరికీ అంత వివరంగా చెప్పలేదు.

"లోపలి గదిల నీళ్ళు తెల్లగైపోయినయి, మామ్మా. మీదికెళ్ళి మన్ను రాలింది. ఆయన చెయ్యి పట్టుకునే ఉన్న. సందుల దూరేటప్పుడు జారిపోయింది. తాడు వదలొద్దు, క్లిప్పుల కాడ కలుస్తం, అదే రూలు. నేను తాడు పట్టుకుని క్లిప్పుల దాంక వచ్చిన. తడిమి చూస్తే రెండూ ఉన్నయి. నాది తీసుకున్న. క్లిప్పుల కాడ గూడ ఏం కనబడలే, జర బయటికొస్తే నీళ్ళు మంచిగున్నయి. ఆగిన. గాలి అయిపోయేదాంక ఆగిన."

ఆమె జడ విప్పి చిక్కులు తీస్తూ వింటున్నాను.

"ఒక్క మాట చెప్తా, మామ్మా. ఎవరికీ చెప్పలే. ఆ రోజు పొద్దున ఆయనకి చెవి నొస్తుండె. వద్దంటే వినలే. ఆయన చేతుల్ల కెమెరా ఉండెనని రెండు క్లిప్పులూ నేనే పెట్టిన. దారమున్నది ఆయనకి పెట్టిన, నున్నది నాకు పెట్టుకున్న. నవ్వుతడని చెప్పలే. చివరిదాంక నీ పసుపు దారం ఆయనకే ఉండె."

నన్ను ఓదార్చడానికి చెప్పింది. నేనూ ఓదార్పుగానే విన్నాను. "మంచి పని చేశావు తల్లీ," అన్నాను కూడా.

తర్వాత పోలీసుల కాగితం వచ్చింది. విశ్వేశ్వరరావు పైకి చదివాడు. చేతి గడియారం లెక్క ప్రకారం నిశాంత్ గుహ నోటి లోతుదాకా వచ్చాడు. అక్కడ కాసేపు ఆగాడు. తిరిగి లోపలికి వెళ్ళాడు. లోపలి గదికి అవతల, అంతకుముందు ఇద్దరూ అడుగుపెట్టని చోట దొరికాడు. గుహ నోటి దగ్గర తాడుకి క్లిప్పు ఒకటి అలాగే ఉంది.

ఆనాటినుంచి ప్రభావతికి అదే మాట. అన్నం కలుపుతూ ఆగిపోయి అడిగేది. లిఫ్ట్ కోసం నిలబడి అడిగేది. "గుమ్మందాకా వచ్చినవాడు ఎందుకు వెనక్కి తిరిగాడు, అత్తయ్యా?" కొన్నాళ్ళకి ఆ మాట దారి మార్చుకుంది. "ఆ పిల్లకి తెలుసు. చెప్పడం లేదు. ఏదో గొడవపడి ఉంటారు." అక్షర వస్తే ఈవిడ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది.

నాకూ మొదట తెలియలేదు. ఒకనాడు బట్టలు ఆరేస్తూ, ఎండ కొడుతుంటే కళ్ళు మూసుకుని బుట్టలో క్లిప్పు కోసం తడిమాను. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. వాడు కూడా ఇలాగే తడిమి ఉంటాడు. తాడు మీద ఒకటే క్లిప్పు. దానికి దారం ఉంది. దారం ఉన్నది అక్షర.

వెళ్ళి తీసుకురావాలి.

దారం సముద్రంలో ఎప్పుడో ఊడిపోయి ఉంటుందిలే అని అప్పటినుంచి నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడు అది నా అరచేతిలో ఉంది. ముడి కూడా వదులు కాలేదు.

సాయంత్రం అక్షర ఈ సంచి కోసం వస్తుంది. పొద్దున ఫోన్ చేసి, "క్లిప్పు వచ్చిందా చూడు, మామ్మా, అది నాకు కావాలె," అంది. పారేసి లేదని చెప్పడానికి లేదు. అది వచ్చినట్టు కాగితంలో ఉంది. ఇరవై ఏడేళ్ళ పిల్ల. దారం చూస్తే నాకు తెలిసింది ఆమెకీ తెలుస్తుంది. తెలిశాక ఎన్నేళ్ళు బతకాలి దానితో?

కత్తెర తెచ్చి దారం కోశాను. ఉప్పుతో బిరుసెక్కి ఉంది. వంటింట్లోని చెత్త గొట్టం మూత తీసి అందులో వేశాను. అది కిందికి పోతున్న చప్పుడు కూడా రాలేదు.

క్లిప్పు మీద పసుపు మరక మిగిలింది. సబ్బుతో తోమాను, నిమ్మచెక్కతో రుద్దాను. పైన పోయింది. స్ప్రింగు కింద గాడిలో పోలేదు. పసుపు ఎండలో వెలిసిపోతుంది. గుహలో ఎండ లేదు కదా. వెదురుగడకి పెట్టి కిటికీ బయటికి చాచాను. అరగంట తిరక్కుండానే మబ్బు పట్టి కుండపోతగా వాన కురిసింది. గడ లోపలికి లాగి, క్లిప్పు తుడిచి, కవరులో పెట్టేశాను.

అక్షర ఆఫీసు నుంచి తిన్నగా వచ్చింది. మెడలో బ్యాంకు కార్డు తీయలేదు.

"తిన్నావా?"

"తిన్న, మామ్మా." తినలేదని తెలుస్తూనే ఉంది.

సంచిలో చెయ్యి పెట్టి మిగతావేవీ చూడకుండా కవరు తీసింది. క్లిప్పుని అటూ ఇటూ తిప్పింది.

"దారమేది?"

"ఊడిపోయినట్టుంది తల్లీ. అలాగే వచ్చింది."

ఆమె కుర్చీలో కూలబడి రెండు చేతులతో ముఖం మూసుకుంది. ఏడుస్తోందనుకున్నాను. కాదు, ఊపిరి తీసుకుంటోంది.

"రోజూ ట్రెయిన్‌ల అదే ఆలోచన, మామ్మా. నాకు నిద్ర లేదు. దారం దానికే ఉంటే నేను లోపల ఉన్న అనుకుంటడు కదా. తన క్లిప్పు లేదేంది అని డౌట్ వచ్చినా పోతడు. నా కోసమైతే డౌట్ మీద గూడ పోతడు."

"పిచ్చి ఆలోచనలు పెట్టుకోకు. దారం లేదుగా."

"లేదు," అంది. మళ్ళీ అంది, "లేదు." ఆమె ముఖంలోకి కొంచెం రంగు వస్తోంది. నేను కాఫీ పెట్టడానికి లేచాను. డికాక్షన్ వంచుతుండగా వెనకనుంచి గొంతు వినబడింది, మెల్లగా, ఆఫీసులో లెక్క సరిచూసుకునే మనిషిలాగా.

"దారం అప్పటికే ఊడిపోతే, మామ్మా... నున్నగుంటది. ఆయనదే అనుకుంటడు. తీసుకుని బయటికొస్తడు." క్లిప్పు టక్కున మూసుకున్న చప్పుడైంది. "మరి తాడుకే ఎట్ల ఉండిపోయింది?"

అది నాకు తట్టలేదు. పుస్తకం మొత్తం చదివినదాన్ని, అంత చిన్న సంగతి ఆలోచించుకోలేకపోయాను. వెనక్కి తిరిగేసరికి అక్షర క్లిప్పుని రెండు వేళ్ళతో నొక్కి నోరు తెరిపించి, దీపం కిందికి వంచి చూస్తోంది. గాడిలో గోరు పెట్టి గీకింది. గోటి చివరకి అంటిన పసుపుని చూసుకుంది.

"కోసినవా?"

అవునని తల ఊపాను. ఆమె క్లిప్పుని పిడికిట్లో మూసుకుంది. అరిచినా బాగుండేది.

బయట లిఫ్ట్ ఆగింది. ప్రభావతి తడిసిన గొడుగుతో లోపలికి వచ్చింది. వెనక విశ్వేశ్వరరావు లేడు, కింద దుకాణంలో ఆగాడట. అక్షరని చూసి గది వైపు నడవబోయి, బల్ల మీది వస్తువులు చూసి ఆగిపోయింది. మాస్కుని వేలి చివరతో తాకింది.

"వాడివేనా?"

"వాడివే," అన్నాను.

ప్రభావతి కోడలి వైపు తిరిగింది. చాలా రోజుల తర్వాత ఆమె కళ్ళలోకి చూడటం అదే. "గుమ్మందాకా వచ్చాడమ్మా నా కొడుకు. ఎందుకు వెనక్కి తిరిగాడో ఒక్కసారి చెప్పు. నిన్నింకేమీ అడగను."

అక్షర లేచి నిలబడింది.

"నా కోసం, అత్తమ్మా," అంది. "నేను లోపల్నే ఉన్న అనుకున్నడు. అట్ల అనుకునేటట్టు నేనే చేసిన."

క్లిప్పుల సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పింది. దారం నేను చుట్టింది, తను మార్చింది, వాడికి చెప్పకపోవడం. ఎక్కడా తనను వెనకేసుకురాలేదు. చెవి నొప్పి సంగతి మాత్రం చెప్పలేదు. ప్రభావతి గొడుగు పట్టుకునే వింది. దానినుంచి నీళ్ళు నేల మీద మడుగు కట్టాయి. అంతా విన్నాక అరవలేదు, కొట్టలేదు. "అడగనన్నానుగా," అంది. అది క్షమించిన గొంతు కాదు. తిరిగి తిరిగి ఇల్లు దొరికాక, ఆ ఇల్లు కాలిపోయి ఉంటే చూసిన మనిషి గొంతు.

అక్షర క్లిప్పుని మెడలోని కార్డు పట్టీకి పెట్టుకుంది. సంచి తీసుకోలేదు. చెప్పులేసుకుని బయటికి నడిచింది.

ఎప్పటిలా నేను గుమ్మంలో నిలబడ్డాను. లిఫ్ట్ వచ్చింది, తలుపు తెరుచుకుంది. ఆమె లోపలికి వెళ్ళి వెనుదిరగలేదు. గోడవైపే ముఖం పెట్టి నిలబడింది. ఇప్పుడు తలుపు మూసుకుంటే అద్దంలో నాకు ఆమె జుట్టు తప్ప ఏమీ కనబడదు.

చెప్పుల్లేకుండానే పరుగెత్తాను. మూసుకుంటున్న తలుపుకి చెయ్యి అడ్డం పెట్టి లోపలికి దూరాను.

"ఎటు, మామ్మా?" అంది గోడవైపు చూస్తూనే.

"నువ్వెటు వెళ్తే అటు."

చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. లిఫ్ట్ కదిలింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ అద్దాన్ని లోపలివైపునుంచి చూశాను. మా గుమ్మంలో ప్రభావతి నిలబడి ఉంది, గొడుగు ఇంకా చేతిలోనే. ఆమె ముఖం ఒక్క క్షణం కనబడి పైకి జారిపోయింది.